వంకర బిస్కెట్ల డబ్బా

ఆదివారం ఉదయం ఏడున్నరకు బయలుదేరడం, దారిలో మూడు ఊళ్ళలో ఆగి ఆ మూడు ఊళ్ళకూ పేరు తెచ్చిన మూడు రకాలు తినడం, సాయంత్రం నాలుగింటికి పెద్దమ్మ ఇంట్లో టీ కప్పు ముందు కూర్చోవడం. ఇదీ పథకం. పెళ్ళయి ఇరవై ఆరు రోజులైన ఆ జంటకు ఇదే మొదటి కారు ప్రయాణం. భర్త రోడ్లు కొలిచే సర్వే ఆఫీసులో పనిచేస్తాడు. జేబులో కొలత టేపు లేనిదే గుమ్మం దాటడు కాబట్టి ఆఫీసులో అందరూ అతన్ని టేపు అంటారు, ఈ మధ్య ఇంట్లోనూ అంటున్నారు. భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో వచ్చినవాళ్ళ చూపు పరీక్షిస్తుంది. చిన్నప్పుడు ప్రతి కంచంలోంచీ ఒక ముక్క నోట్లో వేసుకుని తుర్రుమనేది కాబట్టి పుట్టింట్లో ఆమెను పిచ్చుక అన్నారు. అత్తింటికి చీరలతో పాటు ఆ పేరు కూడా వచ్చేసింది.

టేపు భోజనాల బల్ల మీద రోడ్డు పటం పరిచి, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో పెన్సిల్‌తో రాసుకున్నాడు. బన్నుల ఊరు, ఇరవై అయిదు నిమిషాలు. బిస్కెట్ల ఊరు, ముప్ఫై. జామ్ ఊరు, ఇరవై. నమలడానికి విడిగా పది నిమిషాలు వేశాడు. పిచ్చుక అది చూసి మురిసిపోయింది. నమలడానికి టైము కేటాయించే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?

"డబ్బా పెట్టావా?" అని అడిగాడు టేపు.

"ఇదిగో," అంటూ ఆమె గుడ్డలో మూటకట్టిన రేకు డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది. అతను దాన్ని ఒకసారి అందుకుని చూశాడు.

"అబ్బ, ఎంత తేలిగ్గా ఉందో! బాగా గుల్లగా వచ్చినట్టున్నాయే."

పిచ్చుక కిటికీలోంచి బయటికి చూసింది. డబ్బా తేలిగ్గా ఉండక ఏం చేస్తుంది! అందులో ఏమీ లేదు.

ఆ డబ్బా సంగతి కాస్త చెప్పుకోవాలి. పెద్దమ్మ అంటే టేపు వాళ్ళ పెదనాన్న భార్య, ఆ వంశంలో ఆఖరి మాట ఆవిడది. ఇంటికి కొత్త కోడలు రాగానే ఆవిడ ఒక ఖాళీ రేకు డబ్బా పంపుతుంది. కోడలు నెల తిరక్కుండా తన చేత్తో ఏదో ఒకటి చేసి, దాన్ని నింపి పట్టుకెళ్ళాలి. పెద్దమ్మ మూత తీసి, ఒకటి కొరికి, అక్కడికక్కడే పేరు పెట్టేస్తుంది. ఆవిడ పెద్ద కోడలు తొమ్మిదేళ్ళ కిందట పట్టుకెళ్ళిన కేకు కాస్త ఎక్కువ కాలింది. ఆ రోజు నుంచి ఆమె పేరు బొగ్గు. రెండో కోడలు ఆరేళ్ళుగా ఉప్పు. బొగ్గు పాఠాలు చెప్పే బడిలో పిల్లలకు కూడా ఆ పేరు తెలిసిపోయింది. పిచ్చుకకు తన పేరంటే చాలా ఇష్టం. దాన్ని పోగొట్టుకునే ఉద్దేశం ఆమెకు లేదు.

అందుకే వరసగా మూడు సాయంత్రాలు బిస్కెట్లు చేసింది. మొదటి వాయి పలకలా అతుక్కుపోయింది. రెండో వాయిలో ఒకటి చెయ్యిజారి పడితే నేల మీద పెంకు లేచింది. మూడో వాయిని పళ్ళెంలోంచి ఊడదీయడానికి టేపు పెట్టెలోని స్క్రూడ్రైవరు కావలసి వచ్చింది. ఇవేవీ టేపుకు తెలియవు. పెళ్ళికి ముందు ఒకసారి ఆమె అతనికి బిస్కెట్లు ఇచ్చింది. అవి దుకాణంలో తోటి ఉద్యోగిని చేసినవి. "నీ చేతిలో ఏదో ఉంది," అన్నాడతను కళ్ళు మూసుకుని. పిచ్చుక తన చేతుల వంక చూసుకుని ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఇంత దూరం తెచ్చింది.

కాబట్టి టేపు పటంలో లేని రహస్య పథకం ఒకటి ఆమె దగ్గరుంది. మూడు ఊళ్ళలో ఏదో ఒకచోట, ఇంట్లో చేసినట్టు కనిపించేవి కొని డబ్బా నింపేయాలి.

బన్నుల ఊళ్ళో వీధి మొదట్లోనే వాసన ఎదురొచ్చింది. కొట్టు నడిపే బన్నమ్మ పొయ్యిలోంచి అప్పుడే తీసిన బన్ను విరిచి, మధ్యలో గరిటెడు తేనె పోసి చేతిలో పెట్టింది. తేనె మణికట్టు దాకా కారింది. టేపు జేబురుమాలు వెతుక్కుంటుంటే పిచ్చుక ఎవరూ చూడకుండా మణికట్టు నాకేసింది. అతను చూడనే చూశాడు. ఇద్దరికీ నవ్వాగలేదు. ఆ ఒక్క నిమిషం ఆమెకు డబ్బా గుర్తే రాలేదు.

గుర్తొచ్చాక బన్నును తిప్పి చూసింది. పైన కొట్టు ముద్ర, పిడికిలంత.

"అమ్మా, ముద్ర లేనివి ఉంటాయా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"ముద్ర లేకపోతే అది బన్నెట్లా అవుద్దమ్మా? ముద్ర లేనిదాన్ని నేనే నమ్మను," అంది బన్నమ్మ.

కారెక్కాక టేపుకు ఒక మంచి ఆలోచన వచ్చింది. "నీ బిస్కెట్టొకటి తీయవే. ఈ బన్ను గొప్పదో అది గొప్పదో ఇప్పుడే తేల్చేద్దాం."

"వద్దండీ, పెద్దత్తయ్యగారికి లెక్క తగ్గుతుంది."

"ఒక్కటే కదా!" అంటూ అతను మూట విప్పి మూత తీశాడు. లోపలికి చూశాడు. డబ్బాను తలకిందులు చేసి చూశాడు. "ఎవరు తినేశారే?"

పిచ్చుక మొత్తం చెప్పేసింది. పలక, నేల పెంకు, స్క్రూడ్రైవరు, ఆఖరికి పెళ్ళికి ముందు తినిపించిన బిస్కెట్ల సంగతి కూడా. చెబుతూ చెబుతూ ఏడుపు గొంతు పెట్టింది. టేపు కారును చెట్టు కింద ఆపాడు. స్టీరింగు మీద తల ఆనించాడు. అతని భుజాలు అదురుతుంటే బాధపడుతున్నాడేమోనని ఆమె హడలిపోయింది. తల ఎత్తేసరికి అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నవ్వీ నవ్వీ.

"అంటే ఆ స్క్రూడ్రైవరుకు అంటుకున్నది పిండా? నేను సిమెంటనుకుని పైపు దగ్గర కడిగాను!"

"నవ్వకండి. రేపటినుంచి నన్ను సిమెంట్ అని పిలుస్తారు. మీ పెద్దమ్మ ఊరుకుంటారా?"

ఆ మాటకు టేపు నవ్వు ఆగింది. నిజమే. పెద్దమ్మ పెట్టిన పేరు చెరిపినవాళ్ళు ఆ వంశంలో లేరు. అతను పటం తీసి, రెండో ఊరి దగ్గర ముప్ఫై నిమిషాలను కొట్టేసి నలభై అయిదు చేశాడు. "చూడు, ఇంట్లో చేసినవి ఒకలాగే ఉండవు. అటూ ఇటూ మూడు మిల్లీమీటర్ల తేడా ఉండాలి. అంచులు అక్కడక్కడ మాడాలి. మనం అవే అడిగి తీసుకుందాం."

పిచ్చుకకు అప్పుడు అతని మీద ఎంత ప్రేమ పొంగిందంటే, మిగిలిన బన్ను సగం అతనికిచ్చేసింది.

బిస్కెట్ల ఊళ్ళో దుకాణం ఒక్కటే. ఊరికి పేరు తెచ్చిందీ అదే. లోపల బేకరీ మాస్టరు తెల్ల టోపీ పెట్టుకుని, పళ్ళేల్లో వెన్న బిస్కెట్లను వరసగా పేరుస్తున్నాడు. రుచికి చెరొకటి ఇచ్చాడు. నోట్లో పెట్టగానే వెన్నలా జారిపోయింది. దాంతో పిచ్చుకకు ధైర్యం వచ్చి నేరుగా అడిగేసింది.

"మాస్టరుగారూ, ఇవే, కానీ కొంచెం వంకరవి ఉన్నాయా?"

మాస్టరు చెయ్యి గాల్లోనే ఆగింది. "వంకరవా?"

"అంచు కాస్త మాడినవైనా పర్లేదు."

"అమ్మా, మా తాత చేయించిన ఇత్తడి అచ్చు ఇది. మూడు తరాలుగా ఈ పళ్ళెంలో ఒక్క వంకర బిస్కెట్టు కూర్చోలేదు. మీకు మంచివి వద్దా?"

"మంచివి ఎవరిక్కావాలండీ!" అంది పిచ్చుక ఆత్రంగా.

వరసలో నిలబడ్డవాళ్ళు తొంగి చూశారు. సరిగ్గా అప్పుడే టేపు సాయపడదామని జేబులోంచి టేపు సర్రున లాగి, ఒక బిస్కెట్టు కొలిచాడు. పక్కది కొలిచాడు. మూడోది కొలిచాడు. చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

"యాభై రెండు, యాభై రెండు, యాభై రెండు. ఒక్కదానిలోనూ తేడా లేదు," అని నిట్టూర్చాడు.

తేడా లేదని నిట్టూర్చే మనిషిని మాస్టరు జీవితంలో చూడలేదు. టేపు, పుస్తకం, తప్పుల కోసం వెతుకులాట. అతని బుర్రలో లైటు వెలిగింది. తూనికలు కొలతల ఆఫీసు! పక్క ఊళ్ళో పోయిన నెల ఇలాగే మారువేషంలో వచ్చారని విన్నాడు. కొత్త పెళ్ళికూతుర్ని కూడా వెంటేసుకొచ్చారంటే వీళ్ళు మామూలోళ్ళు కారు.

"సార్, కూర్చోండి సార్. టీ తాగండి. ఏయ్, ఆ ఫ్యానిటు తిప్పండి!" అని కంగారుగా కుర్చీ తుడిచాడు.

టేపు టీ తాగుతూ మొహమాటంతో చిక్కుకుపోయాడు. చేతులు కడుక్కునే వంకతో పిచ్చుక డబ్బా చంకన పెట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. అక్కడ మాస్టరు భార్య కోళ్ళ గూడు ముందు పెద్ద బుట్ట దించి కూర్చుంది. బుట్ట నిండా బిస్కెట్లే. విరిగినవి, వాలినవి, ఒక పక్క ఉబ్బినవి, అంచు మాడినవి. పిచ్చుక అక్కడే ఆగిపోయింది. అంత అందమైన బిస్కెట్లు ఆమె ఎప్పుడూ చూడలేదు.

"అమ్మా, ఇవి..."

"కోళ్ళకమ్మా. ఇయ్యి ఉన్నాయని మా ఆయన ఒప్పుకోడు. పొద్దున్నే నాకిచ్చి అటు తిరిగి నిలబడతాడు."

పిచ్చుక ఆమె పక్కనే గొంతుక్కూర్చుని రెండు ముక్కల్లో కథ చెప్పింది. అంతా విని మాస్టరు భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది.

"తీస్కో తల్లీ, డబ్బా నింపుకో. కోళ్ళకి ఒకపూట నూకలేస్తాలే. మా ఆయనకి మాత్రం చెప్పకు, నన్నూ ఈ గూట్లోనే పెడతాడు."

డబ్బా నిండింది. పిచ్చుక దాన్ని పొట్టకు అదుముకుని వెనక గుమ్మంలోంచి కారు దగ్గరికి పరిగెత్తి, టేపును సైగతో పిలిచింది. కారు కదులుతుండగా మాస్టరు కిటికీలోంచి చూశాడు. మూతలోంచి ఒక వంకర అంచు బయటికి కనిపించింది. సాక్ష్యం! మూడు తరాల పరువు రేకు డబ్బాలో వెళ్ళిపోతోంది. అతను ముందు జామ్ ఊళ్ళో ఉన్న బావమరిదికి ఫోన్ చేసి, ఆ తర్వాత స్కూటరెక్కాడు. టోపీ తీయడం మర్చిపోయాడు.

జామ్ ఊళ్ళోకి వెళ్ళేసరికి వీధి అద్దంలా ఉంది. షాపులవాళ్ళందరూ గుమ్మాల్లో నిలబడి నమస్కారాలు పెట్టారు. జామ్ కొట్టు యజమాని కారు తలుపు స్వయంగా తీశాడు. మాస్టరు బావమరిది అతనే. లోపల బల్ల మీద ఏడు రకాల జామ్‌లు, ఏడు చెంచాలు. రేగుపండుది పుల్లగా నాలుక మీద పాకింది, నారింజది చేదుగా మొదలై తియ్యగా ముగిసింది. పిచ్చుక ప్రతి చెంచాకూ కళ్ళు మూసుకుంది.

"ఏవండీ, ఈ ఊరి మనుషులెంత మంచోళ్ళండీ! రిటైరయ్యాక ఇక్కడే ఉందామా?"

"జామ్ సీసా కొలవండి సార్," అన్నాడు యజమాని వినయంగా.

టేపుకు ఆశ్చర్యమేసింది. అయినా ఎవరైనా కొలవమంటే కాదనలేని మనిషి. కొలిచాడు. బాగుందన్నాడు. యజమాని ఒళ్ళు తేలికపడి గాల్లోకి దణ్ణం పెట్టాడు. అది చూసి పక్కనున్న బట్టల వ్యాపారి ధైర్యం చేసి తన మీటరు కర్ర తెచ్చాడు. "మాది కూడా ఒకసారి చూడండి సార్."

టేపు రెండుసార్లు కొలిచి నిజాయితీగా చెప్పాడు. "రెండు మిల్లీమీటర్లు తక్కువుందండీ."

బట్టల వ్యాపారి ముఖం పాలిపోయింది. మోకాలికేసి ఫట్టున కర్ర విరిచేశాడు. "ఇక లేదు సార్! ఆ కర్రే లేదు!"

జనం చప్పట్లు కొట్టారు. టేపు, పిచ్చుక కూడా మర్యాదకి కొట్టారు. అప్పుడే స్కూటరు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. దిగీదిగగానే మాస్టరు పిచ్చుక పక్కనున్న డబ్బా మీద చెయ్యి వేశాడు.

"అమ్మా, మీకు దండం పెడతా. అవిచ్చేయండి. బదులు మంచివి ఇరవై డబ్బాలు పంపిస్తా. అన్నీ యాభై రెండే!"

"ఇవ్వను! నాకీ వంకరవే కావాలి!" అంటూ పిచ్చుక డబ్బాను వదల్లేదు. అతనొక పక్క, ఆమె ఒక పక్క. రేకు కిర్రుమంది.

"ఆఫీసులో చూపిస్తే మా మూడు తరాలు గంగలో కలిసిపోతాయి తల్లీ!"

"ఏ ఆఫీసండీ? ఇవి మా పెద్దత్తయ్యగారికి! నేను చేశానని చెప్పుకోవడానికి!"

మాస్టరు డబ్బా వదిలేశాడు. ముందు ముఖంలోకి ప్రాణం వచ్చింది. ఆ వెంటనే ఆ ముఖమే కందగడ్డలా అయింది.

"అంటే ఇన్‌స్పెక్టర్లు కారా? కోళ్ళకేసేవి అత్తగారికి పెడతారా? అదీ నావి?" అని రొప్పాడు. బట్టల వ్యాపారి విరిగిన కర్ర ముక్కలు రెండూ దగ్గర పెట్టి చూసుకుంటున్నాడు.

చివరికి జామ్ యజమాని మధ్యవర్తిత్వం చేశాడు. ఒప్పందం కుదిరింది. డబ్బా పిచ్చుకదే. కానీ ఆ బిస్కెట్లు ఏ దుకాణానివో ఆమె ఎవరికీ చెప్పకూడదు.

"ఎవరడిగినా నేనూ ఒప్పుకోను. ప్రాణం పోయినా సరే. మా షాపులో వంకర బిస్కెట్టు పుట్టలేదు," అన్నాడు మాస్టరు టోపీ సర్దుకుంటూ.

"అంతకన్నా కావలసిందేముందండీ!" అంది పిచ్చుక సంతోషంగా.

పెద్దమ్మ ఇల్లు చేరేసరికి అయిదయింది. హాల్లో ఆవిడ పడక్కుర్చీలో కూర్చుంది, బొగ్గూ ఉప్పూ కిటికీ దగ్గర కూరలు తరుగుతున్నారు. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని మూత తీసింది. ఒక బిస్కెట్టు వెలుతురులో పెట్టి చూసింది. వంకర. ఇంకోటి తీసింది. అది ఇంకో పక్కకి వంకర. కరకరా చప్పుడు. పెద్దమ్మ ఇంకొకటి తిన్నది. మరొకటి.

"ఇవి నువ్వే చేశావుటే?"

టేపు ముందుకొచ్చాడు. "పక్కనే ఉండి చూశాను పెద్దమ్మా. ముక్కు మీద కూడా పిండి అంటింది."

పెద్దమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. లేచి వచ్చి పిచ్చుక తల మీద చెయ్యి పెట్టింది. "తొమ్మిదేళ్ళుగా ఎదురుచూస్తున్నానే తల్లీ. ఈ డబ్బా ఇన్నాళ్ళకి సరైన చేతికి వెళ్ళింది. నీకు వేరే పేరెందుకు, పిచ్చుకవే."

పిచ్చుకకు కాళ్ళు నేల మీద ఆనలేదు. టేపు వంక చూసి కన్ను గీటింది. అప్పుడు పెద్దమ్మ అలమరలోంచి ఒక లావుపాటి నోటు పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"నెలనెలా మొదటి ఆదివారం మన వాళ్ళంతా ఇక్కడే భోంచేస్తారు. నలభై రెండు మంది. ఎవరికి ఏం పడుతుందో, ఏం పడదో అన్నీ ఇందులో రాశాను. నాకా మోకాళ్ళ నొప్పులు. వచ్చే నెల నుంచి వంట నీదే. ఈ ఇద్దరి చేతికీ ఇస్తే జనం చచ్చూరుకుంటారు."

కిటికీ దగ్గర బొగ్గూ ఉప్పూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, చూసుకుంటే నవ్వొస్తుందని. పెద్దమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే బొగ్గు పిచ్చుక చెవిలో గుసగుసలాడింది.

"ఎంత పని చేశావే పిచ్చిదానా! ఆ కేకు మాడ్చడానికి నేను పొయ్యి దగ్గర మూడు గంటలు కాపలా కాశాను."

"నేనైతే ఉప్పు గ్లాసుతో కొలిచి మరీ పోశాను. నీకు ఫోన్ చేసి చెబుదామనే అనుకున్నాం. కానీ మీ ఆయన నీ చేతి గురించి అంత గొప్పగా చెబుతుంటే, ఎందుకులే, నీకు సరదా ఏమో అనుకున్నాం," అంది ఉప్పు జాలిగా.

పిచ్చుక వంటింట్లోకి ఒక్క పరుగు తీసింది. "పెద్దత్తయ్యగారూ! నాకు వంట రాదండీ! అవి కొన్నవండీ!"

పెద్దమ్మ ముద్దుగా నవ్వింది. "ఎంత అణకువే నీకు! కొన్నవి ఇంత వంకరగా ఉంటాయా? ఏ దుకాణంవాడైనా ఇలాంటివి అమ్ముతాడా?"

"అమ్మలేదండీ, ఊరికే ఇచ్చారు! కోళ్ళకి వేసేవి!"

"కోళ్ళకా!" పెద్దమ్మకు నవ్వాగక టీ గిన్నె దింపేసింది. "బాబూ, నీ పెళ్ళాం ఎంత హాస్యమాడుతోందో విన్నావుటరా?"

టేపు జేబులోంచి టేపు తీసి వంటగట్టు కొలవడం మొదలుపెట్టాడు. పక్కనుండి చూశానని అయిదు నిమిషాల క్రితమే చెప్పిన మనిషి. పిచ్చుక ఇక ఒప్పందాలన్నీ పక్కన పెట్టి, జామ్ యజమానికి ఫోన్ చేసి మాస్టరు నంబరు సంపాదించింది. అందరికీ వినిపించేలా స్పీకరు పెట్టింది.

"మాస్టరుగారూ, నేనండీ, పొద్దున డబ్బా! ఆ వంకర బిస్కెట్లు మీ దుకాణంవేనని మా పెద్దత్తయ్యగారికి ఒక్క మాట చెప్పండి, మీకు పుణ్యముంటుంది!"

అవతల ముందు కోళ్ళు వినిపించాయి. తర్వాత మాస్టరు గొంతు, గంట కొట్టినంత ఖచ్చితంగా.

"వంకర బిస్కెట్లా? మా షాపులోనా? మూడు తరాలుగా లేదమ్మా. మీరెవరో నాకు తెలీదు. అయినా చేసిన చేతిని పొగడక, ఇతరుల మీదకెందుకు నెడతారు?"

"చూశావా," అంది పెద్దమ్మ, గరిటె పిచ్చుక చేతికి అందిస్తూ.

తిరుగు ప్రయాణంలో కారు పిచ్చుక నడిపింది. టేపు పక్కన పటం పరుచుకుని, నలభై రెండు మందికి సరిపడా భోజనం వంకరగా వండే ఊరు ఎక్కడైనా ఉందేమోనని వెతుకుతూ కూర్చున్నాడు.